5 మెగాహెర్ట్జ్‌ని 10 చేసిన డబ్లర్: నా అనుభవం

నా దగ్గరున్న ఓసీఎక్స్‌ఓ (వేడి ఒకేలా ఉండే పెట్టెలో క్రిస్టల్‌ని పెట్టిన కచ్చితమైన ఓసిలేటర్) 5 మెగాహెర్ట్జ్‌ది, పాత టెలికాం రాక్‌లోంచి తీసింది. కౌంటర్‌కీ, సిగ్నల్ జనరేటర్‌కీ రిఫరెన్స్‌గా కావలసింది మాత్రం 10. కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నారు మిత్రులు. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ క్వార్ట్జ్ క్రిస్టల్ క్యూ (కంపనం ఎంత తక్కువ నష్టంతో సాగుతుందో చెప్పే సంఖ్య) తగ్గుతుంది. మంచి 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి అది 20 లక్షలు దాటగలదు. క్యారియర్‌కి, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి, 1 హెర్ట్జ్, 10 హెర్ట్జ్ దూరంలో నాయిస్ తక్కువగా ఉండేది అందువల్లే. అలాంటిది చేతిలో ఉండగా పక్కన పెట్టబుద్ధి కాలేదు.

డబ్లర్‌తో ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తే ఫేజ్ నాయిస్ (సిగ్నల్ టైమింగ్‌లో వచ్చే చిన్న చిన్న కదలికలు) 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఏ సర్క్యూట్ కట్టినా ఇది తప్పదు. సిగ్నల్ కొన్ని పికోసెకన్లు ముందూ వెనకా అవుతుందనుకోండి, ఆ పికోసెకన్లు మారవు. పీరియడ్ సగమైంది కాబట్టి కోణంలో లెక్కేస్తే అవే రెట్టింపవుతాయి. ఆ 6 పైన డబ్లర్ తన సొంత నాయిస్ కలపకుండా చూడడమే మన పని.

లాజిక్ గేట్‌తో తేలిగ్గా అయిపోతుంది గానీ, గేట్ ఎప్పుడు మారాలో సప్లై వోల్టేజీ కూడా నిర్ణయిస్తుంది. సప్లైలో ఉన్న నాయిస్ అంతా అలా ఫేజ్‌లోకి వచ్చేస్తుంది. అందుకని రెండు షాట్కీ డయోడ్ల ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ (వేవ్ కింది సగాన్ని కూడా పైకి తిప్పేది) పద్ధతికి వెళ్లాను. మూడు తీగలు మెలేసి ఎఫ్‌టీ37-43 ఫెర్రైట్ రింగు మీద చుడితే ట్రాన్స్‌ఫార్మర్ తయారు. డయోడ్లు 1ఎన్5711. కోఠి గుజరాతీ గల్లీలో కాసిని ఎక్కువే తెచ్చి, మల్టీమీటర్ డయోడ్ టెస్ట్‌లో ఒకే రీడింగ్ చూపించిన జత ఏరుకున్నాను. ఈ ఓపిక చాలా అవసరం. జత కుదరకపోతే 5 మెగాహెర్ట్జ్ పూర్తిగా రద్దవదు, ఒక సైకిల్ పొడవుగా, తర్వాతిది పొట్టిగా వస్తుంది.

13 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్) ఇస్తే బయటికి వచ్చేది దాదాపు 1 డీబీఎం. దాన్ని పెంచడానికి ఒక ట్రాన్సిస్టర్ స్టేజ్ పెట్టి, ఎమిటర్ రెసిస్టర్‌లో కొంత భాగాన్ని బైపాస్ చేయకుండా వదిలేశాను. గెయిన్ తగ్గినా, ఫ్లికర్ నాయిస్ (ట్రాన్సిస్టర్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పెరిగేది) ఫేజ్‌లోకి ఎక్కడం బాగా తగ్గుతుంది. నా దృష్టిలో ఈ సర్క్యూట్ మొత్తంలో అతి చవకైన లాభం ఇదే.

చివర్లో 10 మెగాహెర్ట్జ్‌ని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ విషయంలో చాలామంది క్యూ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటారు. నేను ఒప్పుకోను. క్యూ 10 ఉన్న ఫిల్టర్ ట్యూనింగ్ వేడికి పదివేలలో ఒక వంతు జరిగితే, 10 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 32 పికోసెకన్ల తేడా వస్తుంది. క్యూ 100 అయితే 320. ఫ్యాన్ గాలి తగిలినా ఫేజ్ కదులుతుంది. అందుకే టీ50-6 రింగు, సీ0జీ (వేడికి విలువ దాదాపు మారని) కెపాసిటర్లతో క్యూ తక్కువ ఉండేలా రెండు స్టేజీలుగా కట్టాను. ఎక్స్‌7ఆర్ కెపాసిటర్ల జోలికి పోలేదు. బల్ల మీద తట్టినా వాటిలో వోల్టేజీ పుడుతుంది.

కొలవడం దగ్గరే అసలు టెన్షన్. ఖరీదైన ఎనలైజర్ లేదు. ఒకేలాంటి డబ్లర్లు రెండు కట్టి, రెండిటికీ అదే ఓసీఎక్స్‌ఓ నుంచి సిగ్నల్ ఇచ్చాను. ఒకదాని తర్వాత సుమారు 5 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ పెట్టాను. 10 మెగాహెర్ట్జ్‌కి అది 90 డిగ్రీలు. రెండూ మిక్సర్‌లో (ఫేజ్ తేడాని వోల్టేజీగా ఇచ్చేది) కలిస్తే ఓసిలేటర్ నాయిస్ దాదాపు రద్దై, డబ్లర్లదే మిగులుతుంది. దాన్ని యాంప్లిఫై చేసి లాప్‌టాప్ సౌండ్‌కార్డ్‌కి ఇచ్చాను.

తెర మీద ముందు కనిపించింది 50, 100 హెర్ట్జ్ దగ్గర కంచెలా నిలబడ్డ గీతలు. రెగ్యులేటర్‌ని అనుమానించి 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే సగమే తగ్గాయి. మిగతా సగం గ్రౌండ్ లూప్, అంటే గ్రౌండ్ తీగలు చుట్టులా కలవడంతో వచ్చే మెయిన్స్ హమ్. ఇన్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కేబుల్ షీల్డ్‌ని బోర్డు గ్రౌండ్ నుంచి విడదీశాక పోయాయి. సప్లై వైపు ఇప్పుడు ట్రాన్సిస్టర్‌తో కట్టిన కెపాసిటెన్స్ మల్టిప్లయర్ (సప్లై నాయిస్‌ని వడకట్టేది) ఉంది.

ఇక 10 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి వెళ్లాలి. అక్కడ తప్పనిసరిగా పెరిగేదే 20 డెసిబెల్స్. ముందు 5 రెట్లు, తర్వాత 2 రెట్లు చేద్దామనుకుంటున్నాను. రెండో మెట్టుకి ఇదే డబ్లర్, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు తగ్గించి.