మార్లీలో గోడలు లేని ఇల్లు

పారిస్‌లో లోకల్ రైలెక్కి మార్లీ ల రువాలో దిగాం, నేనూ మా అమ్మాయీ. వెర్సాయ్ రాజభవనంలో అంత జనం మధ్య ఉండలేక ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1679లో ఇక్కడ ఇంకో ఇల్లు మొదలుపెట్టించాడు. కట్టింది జూల్ ఆర్దువాఁ మాన్సార్. మధ్యలో రాజుగారి భవనం, దాని ముందు కొలనులకు అటు ఆరు, ఇటు ఆరు అతిథి గృహాలు. ఇక్కడికి పిలుపు వచ్చిందంటే ఆస్థానంలో గొప్ప గౌరవం.

ఇప్పుడు ఆ ఇళ్లలో ఒక్క గోడా లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత ప్రైవేటువాళ్ల చేతికి పోయి, కొన్నాళ్లు నూలు మిల్లయి, చివరికి భవనాలు కూల్చి సామాను అమ్మేశారు. 1811లో నెపోలియన్ ఈ నేలను తిరిగి కొన్నాడు. ఇక్కడుండే, శిల్పి కూస్తూ చెక్కిన పాలరాతి గుర్రాలు అంతకుముందే పారిస్ చేరాయి. అసలువి లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడి కొలను దగ్గరున్నవి నకళ్లు.

భవనం ఉన్నచోట దాని కొలతలు తెలిసేలా నేలమీద రాళ్లు పరిచారు. ఆ గీత దాటి లోపలికి అడుగుపెట్టాను. నడిమధ్యన ఎనిమిది మూలల హాలు. "నాన్నా, గోడలోంచి నడిచొచ్చేశావు, గుమ్మం ఇటుంది" అంది అమ్మాయి. నిజమే. వెనక్కి వెళ్లి గుమ్మంలోంచే వచ్చాను, ఎందుకో అలా రావాలనిపించింది.

ఎత్తిపోతల పథకాల మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి, నా మనసంతా నీళ్ల మీదే ఉంది. ఈ ఫౌంటెన్ల కోసం సెన్ నది మీద 14 పెద్ద చక్రాలతో ఓ యంత్రం పెట్టారు. కరెంటు లేదు, డీజిల్ లేదు. నది ప్రవాహమే చక్రాలను తిప్పేది, చక్రాలు పంపులను ఆడించేవి. నీళ్లు మూడు దశల్లో సుమారు 160 మీటర్లు పైకెక్కేవి! 1684 నాటి పని అది. మార్లీ మ్యూజియంలో దాని గురించి చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఇంటి వెనక వాలు మీద పాలరాతి మెట్లు, 52, వాటి మీదుగా నీళ్లు దూకేవట. నిర్వహణ ఖర్చు భరించలేక 1728లోనే తీసేసి పచ్చిక వేశారు. తడి గడ్డిలో చెప్పులు జారుతున్నాయి. అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ 52 అడుగులు దిగాను.