సీఎస్‌ఏ వాటా: అమెరికాలో పది ఇళ్లు కలిసి పొలం పంట తీసుకునే ముందు

సీజన్ మొదలవకముందే రైతుకు డబ్బు కట్టేసి, పండినదాంట్లో వారం వారం వాటా తీసుకోవడమే సీఎస్‌ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్). అమెరికాలో ఇది 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు పొలాలతో మొదలైంది. వడగళ్లకు టమాటా పోతే డబ్బు వెనక్కి రాదు. ఆ నష్టంలోనూ మనకు వాటా ఉంటుంది. కలిసి వాటా తీసుకునేందుకు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో చేరే ప్రతి ఇంటికీ ఈ ముక్క ముందే విడమరిచి చెప్పకపోతే ఆగస్టులో తగువు ఖాయం.

గోంగూర కావాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే అడగాలి. రైతులు విత్తనాలు తెప్పించుకునేది అప్పుడే. "మావాళ్లు చాలామంది కొంటారండీ" అంటే ఒక్క సాలు కూడా వేయరు. 12 ఇళ్లు, ఇంటికి వారానికి అర పౌండు, జూలై చివర్నుంచి 8 వారాలు, మొత్తం 48 పౌండ్లు, డబ్బు ముందే: ఇలా లెక్క చెబితే వింటారు. నేల బాగా వేడెక్కాకే విత్తనం వేయాలి, మొదటి మంచు పడగానే మొక్క చచ్చిపోతుంది. కాబట్టి దొరికేది ఆ మధ్యకాలమే.

అసలు చిక్కు కోత దగ్గర వస్తుంది. మన ఊళ్లలో వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు గనుక, ఆ ఫొటో చూపిస్తే ఇక్కడి రైతూ అలాగే పీకేస్తాడు. పంట అంతటితో సరి. మొక్క మోకాలెత్తు పెరిగాక కొసలు మాత్రమే తుంచి, కింద నాలుగైదు కణుపులు వదిలేయమనాలి. పక్కకొమ్మలు వేసి మళ్లీ మళ్లీ కోతకొస్తుంది. కోయడం కూడా తెల్లవారాకే, ఎండెక్కకముందే.

కరివేపాకు మొక్కలు గ్రూపులో పంచుకోవాలని అందరికీ సరదానే, కానీ జాగ్రత్త. నిమ్మజాతి చెట్లకు ప్రాణాంతకమైన గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేప మీదా బతుకుతుంది. ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో క్వారంటైన్ ప్రాంతాలున్నాయి. మొక్కనే కాదు, ఆకునైనా కారు డిక్కీలో వేసుకుని రాష్ట్రం దాటించే ముందు నిబంధనలు చూసుకోవాలి.

ఆర్గానిక్ ముద్ర లేదని చిన్న రైతును కొట్టిపారేయకండి. ఏడాదికి 5,000 డాలర్లకు మించని ఆర్గానిక్ అమ్మకాలున్నవారికి సర్టిఫికెట్ అక్కర్లేదు, నియమాలు మాత్రం పాటించాలి. ముద్ర కన్నా పొలంలో ఎవరు పనిచేస్తున్నారని అడగడం ముఖ్యం. హెచ్-2ఎ (సీజన్ పొలం పనులకిచ్చే) వీసాపై వచ్చిన కూలీలకు ఉచిత వసతి యజమానే ఇవ్వాలి, కానీ వ్యవసాయ కూలీలకు ఓవర్‌టైమ్ ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెప్పదు. వీసా యజమాని చేతిలో ఉండటం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

వాటా కింద వారం వారం వచ్చే పెట్టెల్లో జూన్‌లో ఎక్కువగా ఆకులే ఉంటాయి. వంకాయ, టమాటా, బెండకాయ పోటెత్తేది జూలై చివర్నుంచి. సరిగ్గా పిల్లలకు సెలవులని సగం ఇళ్లు ఇండియా వెళ్లేదీ అప్పుడే. అందుకే రెండు ఇళ్లకు ఒక వాటా, వారం విడిచి వారం అన్న పద్ధతి బాగా నడుస్తుంది. ఊళ్లో లేనివాళ్ల వారం రెండో ఇల్లు తీసుకుంటుంది. అదే పెట్టెను ప్రతి వారం సగం సగం చేసుకుందామంటే ఒక్క క్యాబేజీ దగ్గరే మాటా మాటా పెరుగుతుంది. పెట్టెలు దించేది ఎవరి గరాజ్‌లోనైనా, జూలై ఎండకు గంటలో ఆకుకూర వడలిపోతుంది. ఆకుకూరల్ని తడి గుడ్డలో చుట్టి ఐస్ చెస్ట్‌లో పెట్టాలి. రాత్రి 8 దాటాక మిగిలిన పెట్టె ఫుడ్ బ్యాంక్‌కు వెళ్తుందని మొదట్లోనే రాసి ఉంచాలి, మొహమాటం పనికిరాదు.

ఇక వీసా సంగతి. కొన్ని పొలాలు వర్క్ షేర్ ఇస్తాయి: వారానికి కొన్ని గంటలు పొలం పని చేస్తే పెట్టె ఉచితం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లూ, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్-4 వాళ్లూ (హెచ్-1బి వాళ్ల కుటుంబసభ్యులు) దీని జోలికి పోకూడదు. చేతికి డాలరు రాకపోయినా ఆ కూరగాయలు ప్రతిఫలమే, అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. గరాజ్ ఇచ్చి పంపకం చూసుకునే ఇంటికి పొలంవాళ్లు ఇచ్చే ఉచిత పెట్టెలోనూ ఇదే మెలిక. ఆ బాధ్యత గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్న ఇంటికి అప్పగించి, మిగతావాళ్లు డబ్బు కట్టే వాటానే తీసుకోవాలి.