మ్యూజియం మూసినా డ్యూటీ

2020 మార్చి మూడో వారంలో లండన్ మ్యూజియాలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. నేషనల్ గ్యాలరీలో అంత ఆర్భాటంగా మొదలైన, పాతకాలపు ఇటలీ చిత్రకారుడు టిషియన్ చిత్రాల ప్రదర్శన మూడు రోజులకే ఆగిపోయింది. నేను పనిచేసేది చిన్న మ్యూజియంలో. ఫ్రంట్ ఆఫ్ హౌస్ ఉద్యోగం: గుమ్మం దగ్గర పలకరించడం, గదిలో నిలబడి అడిగినవాళ్లకు వస్తువుల సంగతులు చెప్పడం, పిల్లలు షోకేసుల మీద పడకుండా చూసుకోవడం. వర్క్ ఫ్రమ్ హోమ్ కుదిరే పని కాదు. అమ్మ ఫోన్‌లో సూటిగా అడిగేసింది: "జనమే రాకపోతే నీకు జీతం ఎవరిస్తార్రా?"

ప్రభుత్వమే ఇచ్చింది. పని ఆగి ఇంట్లో కూర్చున్న ఉద్యోగులకు జీతం సాయం చేసే ఫర్లో స్కీము కింద జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు దాటకుండా. ప్రభుత్వ సాయం తీసుకోకూడదని వీసాలోనే రాసి ఉంటుంది కాబట్టి మాలాంటివాళ్లం మొదట్లో హడలిపోయాం. ఫర్లో ఆ లెక్కలోకి రాదని తేలాక గానీ టెన్షన్ తగ్గలేదు. అయితే ఫర్లోలో ఉన్నన్నాళ్లూ సంస్థకు ఏ పనీ చేయకూడదని షరతు. దాంతో తమాషా అయింది. రోజూ జనంతో మాట్లాడే మేమంతా ఇళ్లలో కూర్చున్నాం. మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే, జనం ముందుకు ఎప్పుడో గానీ రాని క్యూరేటర్లు కెమెరా ముందుకొచ్చారు.

కొన్నిచోట్ల భలే చేశారు. యార్క్‌షైర్ మ్యూజియం వాళ్లు 'మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఒళ్లు జలదరించే వస్తువు చూపించండి' అని ట్విట్టర్‌లో సవాలు విసిరి, తమ వంతుగా రోమన్ కాలపు స్త్రీ జుట్టుముడి ఫొటో పెట్టారు. ఆ ముడికి పిన్నులు ఇంకా అలాగే ఉన్నాయి! జూన్‌లో పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ, స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయం నుంచి సూర్యోదయాన్ని లైవ్ ఇస్తే లక్షల మంది చూశారు. మావాళ్ల వీడియోలు మాత్రం, నిజం చెప్పాలంటే, నిద్ర తెప్పించేవి.

జులైలో పార్ట్‌టైమ్ ఫర్లో (కొన్ని గంటలు పని, మిగతా గంటలకు ఫర్లో) రాగానే మమ్మల్ని వెనక్కి పిలిచారు. నేల మీద బాణాలు, టైమ్ స్లాట్లు, ఆగస్టు 8 నుంచి మాస్కులు, సెప్టెంబరు చివర్లో ఎవరెవరు వచ్చారో నమోదుకు క్యూఆర్ కోడ్. కథలు చెప్పేవాళ్లం కాస్తా ట్రాఫిక్ పోలీసులమయ్యాం. వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూసే బల్ల తీసేయడం నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

ఆ బల్లనే బడి పిల్లల కోసం లాప్‌టాప్ ముందు పెట్టాం. థేమ్స్ ఒడ్డున దొరికే తెల్లమట్టి పొగాకు పైపు ముక్కను కెమెరాకు దగ్గరగా తిప్పి చూపించేవాణ్ణి. "ఎంత బరువుంటుంది?" అని ఒక పిల్ల. "నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది?" అని ఇంకొకడు. మంచి ప్రశ్నే. ఆ మట్టి తేమను పీల్చుకుని పెదవికి అంటుకుపోతుంది, అందుకే కొన్నిటి కొనలకు మైనం పూసేవారు. బల్ల దగ్గర ఇలాంటివి అడిగినవాళ్లు తక్కువ. తాకి చూసి, పక్కన పెట్టేసి వెళ్లిపోయేవాళ్లు.

నవంబరులో మళ్లీ మూత. ఆ చలికాలం ఇంటర్నెట్ లేని పెద్దవాళ్లకు ఫొటో కార్డులు పోస్టులో పంపి, అందరినీ ఒకే ఫోన్ లైన్‌లో కలిపేవాళ్లం. పాత రేవు ఫొటో గురించి నేను మొదలుపెట్టబోతే, అక్కడే పనిచేసిన ఒకాయన అందుకుని, క్రేన్ ఎలా నడిపేవారో, వానలో తాళ్లు చేతిలోంచి ఎలా జారేవో చెప్పుకుంటూ పోయారు. నేను మ్యూట్ చేసుకుని రాసుకున్నాను. మా లేబుల్ మీద ఉన్నది ఒక్క వాక్యం.

2021 మే 17న ఇంగ్లండ్‌లో మ్యూజియాలు తెరుచుకోవచ్చన్నారు. జనం వచ్చారు. రోటాలోంచి, అంటే మా డ్యూటీల పట్టికలోంచి, ఫోన్ సెషన్ ఎగిరిపోయింది. లాప్‌టాప్‌లో చేసే బడి సెషన్లను వారానికి ఒక పూటకు కుదించారు. బస్సు మాట్లాడుకుని లండన్ దాకా రాలేని స్కూళ్లు మెయిళ్లు పెడుతూనే ఉన్నాయి. గదుల్లో నిలబడేవాళ్లు చాలడం లేదన్నాడు మేనేజరు. అదీ అబద్ధం కాదు. కానీ ఆ ఫోన్ లైన్‌లో ఉన్నవాళ్లలో చాలామంది లాక్‌డౌన్‌కు ముందు కూడా మెట్లెక్కి మా దాకా రాగలిగినవాళ్లు కారు. 'తలుపులు తెరిచాం, రండి' అని వాళ్లకు చెప్పి లైన్ తీసేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు.