పాత కోడ్‌ను ఏజెంటుకు అప్పగించే ముందు

చిత్తూరు సమీపంలోని ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో కొనుగోలు లెక్కలన్నీ జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఒక పాత సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తాయి. తోతాపురి కాయ దిగే రోజుల్లో ర్యాంపుల (కాయ కొనే కేంద్రాల) నుంచి వచ్చే లారీల తూకం, తరుగు, రైతుకు చెల్లించవలసిన మొత్తం దానిలోనే నమోదవుతాయి. ఇకపై దాని మార్పులకు ఏఐ కోడింగ్ ఏజెంట్లను, అంటే చెప్పిన పని కోసం కోడ్‌ను తామే చదివి మార్చే సాధనాలను, వాడుకోవాలని యాజమాన్యం నిర్ణయించడంతో, ఆ ఏజెంట్లు ముందుగా చదువుకోవలసిన పత్రాన్ని తయారుచేసే పని తిరుపతిలో ఉంటున్న నాకు అప్పగించారు.

కోడంతా దాచి ఉంచే రిపోజిటరీలో ఏజెంట్స్.ఎండీ అనే ఫైలు ఉంటే చాలా ఏజెంట్లు పని మొదలుపెట్టే ముందే దాన్ని చదువుకుంటాయి. ఆంత్రోపిక్ సంస్థ ఏజెంటు క్లాడ్ కోడ్ మాత్రం క్లాడ్.ఎండీ అనే ఫైలు కోసం చూస్తుంది. ఇనిట్ ఆదేశం ఇస్తే కోడంతా పరిశీలించి ఆ ఫైలును తానే రాసిపెడుతుంది. అలా వచ్చిన ముసాయిదాలో తప్పులు లేవు గాని, ఏ ఫోల్డరులో ఏముందన్న వర్ణనే ఎక్కువగా ఉంది. ఏజెంటు తనంతట తాను వెతుక్కోగల సంగతిని దానికే తిరిగి చెప్పడం, అదీ ప్రతి సెషన్‌లోనూ కాంటెక్స్ట్‌లో (ఏజెంటు ఒకసారికి దృష్టిలో ఉంచుకోగల పాఠంలో) చోటు ఖర్చుపెట్టి చెప్పడం, నాకు దండగ అనిపించింది. అందులో చాలా భాగం కొట్టివేసి, కోడ్ ఎంత చదివినా తెలియని కారణాల కోసం వెతికాను.

ఆ వెతుకులాటకు, కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్ర మంచి దారి. తరచుగా మారిన ఫైళ్ళు ఏవో, చేసిన మార్పును మళ్ళీ వెనక్కి తీసుకున్న కమిట్లు (నమోదైన మార్పులు) ఏవో చూస్తే ఎక్కడ చిక్కు ఉందో అర్థమవుతుంది. రోజువారీ కొనుగోళ్ళను కూడే ఫంక్షన్‌లో, తూకపు చీటీ సమయం నుంచి ఆరు గంటలు తీసివేసే వరుస నాకు అలాగే దొరికింది. అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీకి, మన కాలమానానికి తేడా ఐదున్నర గంటలు కనుక, ఎవరో తొందరలో ఆరు అని రాసి, కలపవలసిన చోట తీసివేశారని ఎవరికైనా అనిపిస్తుంది. ఏజెంటు కూడా అలాగే భావించి సవరణ సిద్ధం చేసింది. కమిట్ సందేశంలో ‘షిఫ్టు’ అన్న మాట తప్ప మరేమీ లేదు. కాటా దగ్గర పనిచేసే పెద్దాయనను ఫోనులో అడిగితే, “సీజన్లో రాత్రంతా నడుస్తుంది కదా సార్, మాకు దినమంటే పొద్దున ఆరుకి మొదలయ్యేది” అన్నారు. తెల్లవారుజామున మూడింటికి తూగిన లారీ ముందురోజు ఖాతాలోకే వెళ్ళాలి. ధర రోజుకొక తీరుగా మారే కాలంలో ఆ ‘సవరణ’ అమలై ఉంటే, రాత్రి కాయ తోలిన రైతులకు మరుసటి రోజు ధర పడేది.

పాత వ్యాట్ పన్నును లెక్కించే కోడ్ భాగం, అంటే వ్యాట్ మాడ్యూలుదీ ఇలాంటి సంగతే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక దాన్ని రిపోజిటరీలోని ఏ ఫైలూ పిలవడం లేదు కనుక, తొలగించవచ్చని ఏజెంటు సూచించింది. పాత బిల్లులను తిరిగి ముద్రించే స్క్రిప్టు ఒకటి మాత్రం దాన్ని పిలుస్తుంది. అది సర్వరులో ఉంది, రిపోజిటరీలో లేదు. రైతుల పట్టికలో ప్రతి పేరుకూ రెండు జిల్లా కోడ్‌లు ఉండడానికి కారణం 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజన: చంద్రగిరి, శ్రీకాళహస్తి చిత్తూరు నుంచి, గూడూరు, వెంకటగిరి నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పాత చీటీలు పాత కోడ్‌తోనే సరిపోలాలి.

ఇవన్నీ పత్రంలోకి కారణంతో సహా ఎక్కాయి. ‘జాగ్రత్తగా మార్చు’ వంటి వాక్యాలను నేను పెట్టలేదు. వాటివల్ల ఏజెంటు చేసే పనిలో తేడా ఏమీ రాదని నా అభిప్రాయం. టెస్టులు నడిపే ఆదేశాలను కొత్త యంత్రం మీద నడిపి చూశాకే రాశాను. ఆ తరువాత మరేమీ తెలియని కొత్త సెషన్‌లో, మూడింటికి తూగిన లారీ ఏ తేదీ నివేదికలో కనబడాలని అడిగాను. సరైన సమాధానమే వచ్చింది.

అయినా పత్రంలో రాసినదాన్ని ఏజెంటు ఎల్లప్పుడూ పాటిస్తుందన్న హామీ లేదు. అందుకే రైతుల డబ్బుకు సంబంధించిన నియమాలకు విడిగా టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాములు) కూడా రాశాను. 5:59కి తూగిన చీటీ ముందురోజుకూ, 6:00కి తూగినది ఆ రోజుకూ చేరకపోతే ఏజెంటు చేసిన మార్పు కోడ్ ప్రధాన శాఖలో కలవదు.