రెండు బై నాలుగు టైలు, ఒక్కటే గీత

మూడో టైలు కూడా వంకరగా చీలిపోయేసరికి మా మేనల్లుడు నా మొహం చూడకుండా ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. నాలుగు కోస్తే మూడు పోయాయి. ఓనరు గారు లెక్కకి మించి తెప్పించింది రెండు పెట్టెలే, అంటే నాలుగు టైళ్లు. అదే షేడ్ నంబరు సరుకు గుజరాత్‌లో టైళ్లు తయారయ్యే మోర్బీ నుంచి మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ సాయంత్రం సామాను సర్దేసి సామర్లకోట బస్సెక్కాను గానీ మనసంతా ఆ ఫ్లాట్‌లోనే ఉండిపోయింది.

పని కాకినాడలో, మూడో అంతస్తులో. మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు. పాత ఫ్లోరింగ్ మీదే గమ్ వేసి 600×1200 ఎంఎం, అంటే రెండు బై నాలుగు అడుగుల పోర్సిలిన్ టైళ్లు పరచాలి. ఓనరు గారి అమ్మగారికి ఉబ్బసం. "మేస్త్రీ గారూ, నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, దుమ్ము మాత్రం లేపకండి" అని మొదటి రోజే అడిగారు. సరేనన్నాను. ఆయన అడగకపోయినా నాకూ ఆ దుమ్మంటే భయమే. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఏళ్ల తరబడి కరెంటు మిషన్‌తో, నీళ్లు పోయకుండా పొడి కోతలు కోశారు. ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కితే కూర్చుండిపోతారు. ఆ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడే ఉండిపోతుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు.

అందుకని నా పాత చేతి కట్టరు తీసుకెళ్లాను. రాడ్డు మీద జరిగే చిన్న చక్రంతో టైలు మీద గీత గీసి, నొక్కి విరిచేది, దుమ్ము లేవదు. గోడ టైళ్లు, రెండు బై రెండు టైళ్లు దాని మీద వందల కొద్దీ కోశాను. పొడుగు కోతకి అది చాలదని తెలుసు, అడ్డకోత 600 ఎంఎమ్మే కదా, సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఆ టైలు ఒక్కోటి పద్నాలుగు పదిహేను కిలోలు ఉంటుంది. కట్టరు పలక మీద ఉన్నది మధ్య భాగమే, రెండు కొసలూ గాల్లో వేలాడుతున్నాయి. గీత గీసి నొక్కేలోపే బరువు తన దారి తను చూసుకుంది.

గోడకి వేసే మామూలు సిరామిక్ టైలు మెత్తన. నీళ్లలో వేస్తే తన బరువులో పది శాతం పైగా పీల్చుకుంటుంది. పోర్సిలిన్ టైలు అర శాతం కూడా పీల్చదు. అంత గట్టిగా, అంత పెళుసుగా ఉంటుంది కాబట్టే దాన్ని కోయడం అంటే అద్దం కోయడం లాంటిదే. అద్దం కోసేవాళ్లని చూడండి, ఒకే ఒక్క గీత గీస్తారు, మళ్లీ దాని మీద గీయరు. చక్రం పైపొర మీద సన్నని చీలిక పెడుతుంది, తర్వాత మనం నొక్కితే ఆ చీలిక కిందిదాకా దిగుతుంది. గీత సరిగా పడలేదని రెండోసారి లాగితే పక్కన ఇంకో చీలిక పుడుతుంది, నొక్కినప్పుడు ఎటు పోవాలో టైలుకి తెలియదు. సిరామిక్ ఈ తప్పుని క్షమిస్తుంది. నా చేతికి ఆ అలవాటే ఉంది, దాన్ని మానుకోవడానికి వారం పట్టింది.

మొదట ఆన్‌లైన్‌లో ఒక పొడుగు చేతి కట్టరు తెప్పించాను. 1200 కోస్తుందని రాశారు, లేజర్ లైటు కూడా ఉంది, ధర బాగుంది. దాన్ని ఓనరు గారి టైలు మీద పెట్టదలచుకోలేదు. టైల్స్ షాపులో మూల విరిగి అమ్ముడుపోని 9 ఎంఎం మందం రెండు బై నాలుగు టైళ్లు నాలుగు తక్కువ రేటుకి కొనుక్కొచ్చి మా వాకిట్లో పరీక్ష పెట్టాను. మొదటి కోతకే మొదటా చివరా గీత తెల్లగా పడింది, మధ్యలో అసలు పడలేదు. ఎందుకో అర్థం కాలేదు. మేనల్లుడే కనిపెట్టాడు. వాడు నేల మీద చెంప ఆనించి పక్కనుంచి చూస్తూ, "మావయ్యా, నువ్వు నొక్కుతుంటే పై రాడ్డు విల్లులా లేస్తోంది" అన్నాడు. నిజమే. చక్రాన్ని టైలు మీద నొక్కినప్పుడు ఆ బలమంతా రాడ్డుని పైకి తోస్తుంది. కొసల దగ్గర బిగింపు ఉంది కాబట్టి కదలదు, నడుమ సన్నని రాడ్డు వంగిపోతుంది. 600 కట్టరులో రాడ్డు పొట్టిది, ఈ సంగతి బయటపడదు. పొడుగు పెరిగేకొద్దీ ఇదే అసలు సమస్య. దాన్ని వెనక్కి పంపేశాను.

తర్వాత ఇంకో విరిగిన టైలు ట్రాలీ ఆటోలో వేసుకుని కాకినాడలో హార్డ్‌వేర్ షాపులకి తిరిగాను. టైలు మోసుకుని షాపుకి వెళ్లడం అవసరమా అని ఇంట్లో అన్నారు. మొదటి షాపులో పరీక్షకి ఒప్పుకోలేదు, "పేపర్ మీద అన్నీ రాసి ఉన్నాయి కదండీ" అన్నారు. దండం పెట్టి వచ్చేశాను. రెండో షాపాయన మంచివాడు, "మీ టైలు, మీ చెయ్యి, కోసుకోండి" అని మూడు కట్టర్లు కింద పెట్టించాడు.

ఒక్కోదాని మీద టైలు పెట్టి, చక్రాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చి, గీయకుండా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మేనల్లుడు పక్కనుంచి రాడ్డు చూశాడు. ఒకటి అక్కడే తేలిపోయింది. మిగిలిన రెండూ జోడు రాడ్డువి, గట్టివి. అప్పుడు హ్యాండిల్ పట్టుకుని కుడి ఎడమలకి ఊపాను. ఒకదాంట్లో రాడ్డు మీద చక్రాన్ని మోసే బండి కొంచెం ఆడుతోంది. బేరింగ్ బిగించుకోవచ్చు అన్నాడు షాపాయన, కానీ బిగించడానికి స్క్రూ ఎక్కడా కనపడలేదు. మూడోదాంట్లో ఆట లేదు, స్క్రూలు కూడా బయటకే ఉన్నాయి. దాని మీద పొడుగునా ఒక గీత లాగాను. చిరిగే చప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా వచ్చింది. ఆ చప్పుడే నాకు గుర్తు. మధ్యలో చప్పుడు ఆగితే అక్కడ గీత పడలేదని, కరకరమంటూ తెల్ల పొడి లేస్తే మరీ ఎక్కువ నొక్కామని. నొక్కగానే టైలు రెండుగా విడిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

వెల 14,000 చెప్పాడు, కొంచెం తగ్గించాడు. స్పెయిన్ రూబీ, ఇటలీ మోంటోలిట్ లాంటి కంపెనీల కట్టర్లు ఇంతకంటే గట్టివని విన్నాను, వాటి ధర నాకు అందదు. కొనేముందు రెండు సంగతులు అడిగాను. చక్రాలు విడిగా దొరుకుతాయా అన్నది ఒకటి. టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రమైనా పోర్సిలిన్ మీద అరుగుతుంది, దొరక్కపోతే కట్టరు మూల పడుతుంది. నున్నటి టైలుకి చిన్న చక్రం, గరుకు మ్యాట్ టైలుకి పెద్ద చక్రం నయం. చిన్నది గరుకు మీద ఎగిరెగిరి పడుతుంది. రెండూ తీసుకున్నాను. రెండోది, టైలు కొసలు వేలాడకుండా మోయడానికి పక్కలకి విప్పే చేతులు ఉన్నాయా అన్నది. అవి లేకపోతే నా పాత కథే మళ్లీ మొదలు. లేజర్ లేదు, అడగలేదు. సన్న పెన్సిల్ గీత చాలు, ఎండలో కూడా కనపడుతుంది.

ఐమూల కోత మాత్రం దీంతో కాదు. 600×1200 టైలు ఐమూల 1342 ఎంఎం వస్తుంది, 1200 కట్టరు మీద అది పట్టదు. ఈ ఇంట్లో అన్నీ నిలువు అడ్డం కోతలే కాబట్టి సరిపోయింది.

అసలు ఆనందం స్కర్టింగ్ దగ్గర, అంటే గోడ అడుగున అంటించే పట్టీల దగ్గర. ఇల్లంతా కలిపి 240 అడుగులు వచ్చింది, అంటే నాలుగడుగుల పట్టీలు అరవై. మిషన్ బ్లేడు ఒక్కో కోతకి దాదాపు రెండు ఎంఎం తినేస్తుంది. 600 వెడల్పులో అయిదు కోతలు వేస్తే పది ఎంఎం పోయి ఆరో పట్టీ పొట్టిదై మిగులుతుంది. చేతి కట్టరు చీలుస్తుందే గాని తినదు. టైలుకి సరిగ్గా 100 ఎంఎంవి ఆరు పట్టీలు. పన్నెండు టైళ్లు కావాల్సిన చోట పది సరిపోయాయి. నేను పగలగొట్టిన మూడింటిలో రెండు ఇలా తిరిగొచ్చాయి.

సన్న పట్టీలు చీల్చడానికి ఒక వరస ఉంది. ఒక పక్క నుంచి 100, 100 అని కోసుకుంటూ పోతే పట్టీ విరుగుతుంది, ఎందుకంటే చీలిక బలం తక్కువున్న వైపుకి జరుగుతుంది. అందుకని ముందు టైలుని సగానికి, 300 చొప్పున. తర్వాత 300లో 200, 100. ఆ 200ని మళ్లీ సగానికి. రెండు పక్కలా సమంగా ఉన్నంతసేపూ చీలిక దారి తప్పదు. కష్టమైనది 200, 100 కోత ఒక్కటే. అక్కడ ఒకేసారి గట్టిగా నొక్కకుండా ముందు ఒక కొసన మెల్లగా నొక్కాను. టిక్కుమని చీలిక మొదలైంది. అప్పుడు రెండో కొసకి వెళ్లి నొక్కితే నడుమ దాకా వచ్చి కలిసింది. ప్రతి కోతకీ ముందు పలకని కుంచెతో ఊడవడం మేనల్లుడి పని. ఇసక రేణువంత పెచ్చు టైలు కింద ఉన్నా చాలు, అక్కడ నుంచే విరుగుతుంది. అలా ఒక పట్టీ పోగొట్టుకున్నాక మళ్లీ వాడికి చెప్పే పని లేకపోయింది.

కోసిన అంచు కత్తిలా ఉంటుంది. డైమండ్ ప్యాడ్ తడిపి రెండుసార్లు ఏటవాలుగా రుద్దితే చేతికి తగలదు. బాత్రూమ్ గుమ్మాల దగ్గర ఎల్ ఆకారం కోతలకి, పైపుల కన్నాలకి మిషన్ తప్పలేదు. వాటిని కొలత రాసుకుని టెర్రస్ మీదకి మోసుకెళ్లి నీళ్లు పోస్తూ కోశాం. మొత్తం తొమ్మిది ముక్కలు.

ఆఖరి రోజు హాల్లో పట్టీలు అంటిస్తుంటే పెద్దావిడ తన గది తలుపు తెరుచుకుని కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నారు. కట్టరు చప్పుడు వింటూ, "చీర చింపినట్టుంది బాబూ" అన్నారు. ఆవిడ దగ్గకుండా మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నారు.

సర్పవరంలో ఇంకొకరు 800×1600 టైళ్లు వేయిద్దామనుకుంటున్నారు. నా కట్టరు 1200 దాటదని, పొడుగు కోతకి వేరేది అద్దెకి తెచ్చి ముందు పాత టైలు మీద కోసి చూసుకోవాలని, ఆ రోజు కూలీ కూడా లెక్కలో వేసుకోమని వాళ్లకి చెప్పి వచ్చాను. ఆలోచించి చెప్తామన్నారు.