నాలుగు బకెట్ల ఆదివారం

పొద్దున్నే లేచి చూస్తే గుడ్లన్నీ తెల్లబడిపోయాయి. గురువారం మా ట్యాంక్‌లోని ఆడ బ్లడ్ పారట్ చేప పూలకుండీ పెంకు మీద పెట్టింది, అప్పట్నుంచి ఆడా మగా రెండూ రెక్కలతో విసురుతూ ఒకటే కాపలా, అద్దం దగ్గర వేలు పెడితే చాలు మీదకొచ్చేసేవి. ఏం లాభం, మగ పారట్లలో చాలావాటికి పిల్లల్ని పుట్టించే శక్తి ఉండదు, గుడ్లకి బూజు పట్టేస్తుంది. తెలిసీ ప్రతిసారీ టార్చ్ వేసి మరీ చూస్తా, అదో పిచ్చి.

ఇవి ఏ నదిలోనూ దొరకవు, 1980ల్లో తైవాన్‌లో మనుషులు జతకట్టించి పుట్టించినవి. చిలక ముక్కులాంటి నోరు చూడ్డానికి భలే ఉంటుంది గానీ పూర్తిగా మూసుకోదు పాపం. ఇవాళ కూడా ఒకటి మేత గుళిక అందుకోబోయి జారవిడిచింది, వెనక్కి తిరిగొచ్చి పీల్చింది, మళ్ళీ జారింది, మూడోసారికి లోపలికెళ్తే గొంతులో ఉండే పళ్ళతో నమిలింది. అందుకే మునిగే చిన్న గుళికలే వేస్తా, పక్కన చురుకైన చేపలుంటే వీటికేం మిగలదు.

ఆదివారం కదా, 200 లీటర్ల ట్యాంక్‌లోంచి 60 లీటర్లు తీయాలి, అంటే 15 లీటర్ల బకెట్లు నాలుగు. మూడోది మోస్తుంటే బావ ఫోన్. "ఒరేయ్, నా ఫ్లవర్‌హార్న్‌కి తిరగడానికే చోటు లేదురా, నీ ట్యాంక్‌లో వేసేసుకో."

అది అడుగు దాకా పెరిగే చేప, పక్కన ఇంకోటి కనిపిస్తే కొరికి చంపేసే రకం, ఒకవేళ సఖ్యంగా ఉన్నా, దాంతో జతకడితే మా ఆడదాని గుడ్లు ఈసారి పిల్లలైనా అవుతాయి, అప్పుడు ఆ వందల పిల్లల్ని ఏ జాతని చెప్పి ఎవరికివ్వను? కుదరదన్నా. "పోనీ చెరువులో వదిలేస్తా, హాయిగా బతుకుద్ది" అన్నాడు. ఒళ్ళు మండింది.

"బతికితేనే కదా బావా గొడవ! అక్కడున్న చిన్న చేపల్నీ గుడ్లనీ వదలదు. సింగపూర్ రిజర్వాయర్లలో ఇలా వదిలినవే స్థిరపడిపోయాయి."

కాసేపు గొణిగి చివరికి 300 లీటర్ల ట్యాంక్ కొంటానన్నాడు, అది కూడా దానొక్కదానికే, ఎగిరి దూకకుండా బరువైన మూతతో. ఇవాళే మార్చేస్తానంటే ఆపా, చేపల మలినాల్లోంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం, కొత్త ట్యాంక్‌లో దాన్ని తినే బాక్టీరియా ఉండదు, పెరగడానికి వారాలు పడుతుంది. ఆ బాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజ్‌లోనే, అందుకే నా స్పాంజ్‌ని తీసిన ట్యాంక్ నీళ్ళలోనే పిండి (కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి చచ్చిపోవచ్చు) సగం కోసి, ఆ నీళ్ళతోనే కవర్లో కట్టి పెట్టా.

సాయంత్రం వచ్చి వాసన చూసి "ఈ మురికి ఇవ్వడానికా పిలిచావు?" అన్నాడు. నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో చూసే నా టెస్ట్ కిట్ కూడా పట్టుకెళ్ళాడు. తిరిగివ్వడు, నాకు తెలుసు.