దవాఖానకు వెంట ఎవరిని తీసుకుపోవాలె?

హన్మకొండ చౌరస్తాలో బండి ఆపితే మనం ఇల్లు చేరకముందే కబురు ఇంటికి చేరుతుంది. గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లలు ఇక్కడ మనసు డాక్టర్ దగ్గరికి పోకపోవడానికి సగం కారణం ఇదే. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన ఓపీ లైన్‌లో మేనబావ కనబడితే ఏం చెప్పాలె?

అందుకే మొదలు ఫోన్‌తో పెట్టుకోవడం మేలు. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం టెలిమానస్, నంబర్ 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో గోడలకు చెవులుంటే భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయి మాట్లాడండి. ఫోన్ ఇంకొకరి చేతికి పోయే ఇల్లయితే కాల్ లిస్టులోంచి నంబర్ తీసేయండి.

డాక్టర్ ముందు కూర్చుంటే గొంతు పెగలదు. ముందే అర కాగితం మీద రాసుకోండి: ఎన్ని గంటలు నిద్ర, తిండి ఎట్లుంది, ఎప్పటినుంచి, చచ్చిపోవాలనిపిస్తోందా, మందు తాగుతారా, వేరే ఏం గోలీలు వాడుతున్నారు. హార్మోన్లు, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ) మందులు దాచొద్దు, గోలీలకు గోలీలకు పడకపోవచ్చు. ఆ వెంటనే ఇంకో మాట: "ఇంట్ల తెల్వది సార్, చిట్టీ మీద రాయకండి."

"పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటది" అన్నా, "మార్చేస్తా" అన్నా లేచి వచ్చేయండి. వైద్యం కావలసింది దిగులుకు, నిద్రపట్టకపోవడానికి. మీరు ఎవరిని ఇష్టపడతారన్నది జబ్బు కాదు. భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ఈ మాట చెప్పింది. మార్చే చికిత్స వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

దిగులుకు గోలీలు రాస్తే చాలామంది దెబ్బతినేది మొదటి పది రోజుల్లోనే. కడుపులో తిప్పుతుంది, నిద్ర తేడా పడుతుంది, మనసు మాత్రం అట్లనే ఉంటుంది. "పనిచేస్తలేవు" అని పడేస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైందని ఒక్కసారి ఆపినా తల తిరగడం, చికాకు మొదలవుతాయి. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలె. 25 ఏళ్లలోపు వాళ్లకు మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు, అట్లయితే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలె. ఆ మొదటి వారాల్లో గోలీల షీట్లు దోస్తు దగ్గర పెట్టి వారానికి సరిపడా మాత్రమే తీసుకోండి. పత్తి చేను ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయించండి.

ఇక చాలామందికి తెలియని సంగతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లు తమ తరఫు మనిషిని తామే ఎంచుకోవచ్చు. దీన్ని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. "నా మానసిక వైద్యం విషయంలో ఫలానా మనిషిని నా ప్రతినిధిగా నియమిస్తున్న" అని రాసి సంతకమో వేలిముద్రో వేయాలె. ఆ మనిషికి కూడా 18 నిండి ఉండాలె, ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలె. మీరు ఎవరి పేరూ రాయకపోతే ఆ చోటు బంధువులకు పోతుంది. వైద్యం వివరాలు గుట్టుగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతుంది గానీ, ప్రతినిధికి అవసరమైనవి చెప్పొచ్చు. అంటే ఆ చోట నాన్న ఉంటే నాన్నకు, దోస్తు ఉంటే దోస్తుకు.

కాగితం రెండు ప్రతులు రాయండి. ఒకటి డాక్టర్ ఫైల్లో పెట్టించండి, ఇంకోటి దోస్తు దగ్గర. ఇంట్లో బీరువాలో మాత్రం వద్దు.